సరిహద్దులు ఎరుగని పురస్కారం – హంగేరీ రచయితలకు ఒక వీలునామా ఇచ్చిన అండ

1938వ సంవత్సరం జనవరి మాసంలో హంగేరీ దేశపు రాజధాని బుడాపెస్ట్ నగరంలో ఆ ఏటి బౌమ్‌గార్టెన్ సాహిత్య పురస్కారాలను ప్రకటించారు. గ్రహీతలలో యోజెఫ్ అతిల అనే కవి ఒకరు. అయితే పురస్కారాన్ని అందుకొనేందుకు ఆయన లేరు. అంతకు ఆరు వారాల క్రితం, 1937 డిసెంబరు 3వ తేదీన, బాలతోన్ సరస్సు తీరాన గల సార్సో గ్రామం వద్ద రైలు కింద పడి మరణించారు. అప్పటికి ఆయన వయస్సు 32 సంవత్సరాలు. నేడు హంగేరీ బడిపిల్లలందరికీ తెలిసిన ఆ మహాకవి బ్రతికి ఉన్నంత కాలం కటిక దారిద్ర్యంతో పోరాడారు. ఆ పురస్కారపు పూర్తి గౌరవం మాత్రం ఆయనకు మరణానంతరమే దక్కింది.

ఈ ఒక్క సంఘటనను బట్టి ఆ పురస్కారం ఆలస్యానికీ అన్యాయానికీ పేరుపడినదని భావించకూడదు. 1929 నుండి 1949 వరకు సాగిన బౌమ్‌గార్టెన్ పురస్కారం హంగేరియన్ సాహిత్య చరిత్రలో అత్యంత గౌరవనీయమైన వాటిలో ఒకటి. దాని వెనుక ప్రభుత్వం లేదు, రాజకీయ పక్షం లేదు, మత సంస్థ లేదు. ఒక వ్యక్తి తన యావదాస్తిని తన భాషలోని రచయితలకు రాసి ఇచ్చిన వీలునామా మాత్రమే ఉన్నది. మన దేశంలో జ్ఞానపీఠ పురస్కారం కూడా ప్రభుత్వం నెలకొల్పినది కాదు. ఒక వ్యాపార కుటుంబం స్థాపించిన సంస్థ 1965 నుండి దానిని ఇస్తున్నది. 1970లో విశ్వనాథ సత్యనారాయణ గారికి లభించింది ఆ పురస్కారమే. కనుక ప్రైవేటు ధనంతో నడిచే సాహిత్య పురస్కారం అనే భావన తెలుగు పాఠకులకు కొత్త కాదు. అయితే హంగేరీలో అది ఏ పరిస్థితులలో పుట్టింది, ఎవరిని ఆదుకొన్నది, చివరకు ఎందుకు ఆగిపోయింది అన్నవి, రాష్ట్రం ఒకటి, ఇంటి భాష మరొకటి అయిన కుటుంబాలు ప్రత్యేకంగా తెలుసుకోదగిన విషయాలు.

దేశం చిన్నది, భాష విశాలమైనది

హంగేరీ మధ్య ఐరోపాలో సముద్రతీరం లేని దేశం. దాని చుట్టూ జర్మన్, స్లావ్, రుమేనియన్ భాషలు మాట్లాడే ప్రజలు నివసిస్తున్నారు. ఆ భాషలలో వేటితోనూ హంగేరియన్ భాషకు బంధుత్వం లేదు. అది ఫిన్లాండ్, ఎస్టోనియా దేశాల భాషల వలె యురాలిక్ కుటుంబానికి చెందినది. హంగేరియన్ నేర్చుకొనే పొరుగువారికి అది ఎంతో కష్టంగా తోస్తుంది. తెలుగువారికి మాత్రం దాని నిర్మాణంలో కొంత పరిచయం ఉన్నట్లు అనిపిస్తుంది. ఆ భాషలో ‘హాజ్’ అంటే ఇల్లు, ‘హాజ్‌బన్’ అంటే ఇంటిలో, ‘హాజక్’ అంటే ఇళ్ళు, ‘హాజక్‌బన్’ అంటే ఇళ్ళలో. మన విభక్తి ప్రత్యయాల వలెనే అక్కడ కూడా ప్రత్యయాలు మాట చివర ఒకదాని వెంట ఒకటి చేరుతాయి. హంగేరియన్లు మన వలెనే ఇంటిపేరును ముందు, సొంత పేరును తరువాత చెబుతారు. ఈ వ్యాసంలోని హంగేరియన్ రచయితల పేర్లు ఆ క్రమంలోనే ఉన్నాయి.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఓటమి పాలైన హంగేరీ, 1920 జూన్ 4న కుదిరిన త్రియనోన్ సంధి వలన తన భూభాగంలో సుమారు మూడింట రెండు వంతులు కోల్పోయింది. ముప్పై లక్షలకు పైగా హంగేరియన్ ప్రజలు ఉన్న చోటనే ఉండి పరదేశ పౌరులయ్యారు. ట్రాన్సిల్వేనియా ప్రాంతం రుమేనియాకు, ఉత్తర ప్రాంతం చెకోస్లొవేకియాకు, దక్షిణ ప్రాంతం తరువాత యుగోస్లావియాగా పేరు మార్చుకొన్న రాజ్యానికి చెందాయి. ఊరు కదలలేదు, గీత కదిలింది. తాతముత్తాతల కాలం నుండి ఒకే ఇంటిలో నివసిస్తున్నవారికి బడి భాష, కచేరీ భాష, రైలు స్టేషను పలకపై ఊరి పేరు మారిపోయాయి.

రచయితలకు ఈ మార్పు మరొక విధంగా కూడా తగిలింది. పుస్తకాలు కొనే పాఠకులు నాలుగైదు దేశాలలో చెదిరిపోయారు. యుద్ధానంతరం నాణెం విలువ పడిపోయి మధ్యతరగతి కుటుంబాల చేతిలో పైకం కరిగిపోయింది. కలం మీద ఆధారపడినవాడు పత్రికాధిపతికో, పాలక పక్షానికో, ఏదో ఒక వర్గానికో అనుకూలంగా రాస్తేనే పూట గడిచే స్థితి ఏర్పడింది. బౌమ్‌గార్టెన్ వీలునామా ఈ స్థితికే విరుగుడుగా వచ్చింది.

వీలునామాలో ఏమున్నది

బౌమ్‌గార్టెన్ ఫెరెంత్స్ ఫెర్దినాంద్ 1880లో బుడాపెస్ట్‌లోని సంపన్న కుటుంబంలో జన్మించారు. సాహిత్య విమర్శ ఆయన వ్యాసంగం. జీవితంలో చాలా భాగం జర్మనీలో గడిపారు. ఆయనకు పేరు తెచ్చిన గ్రంథం స్విట్జర్లాండ్ కవి కాన్రాడ్ ఫెర్డినాండ్ మేయర్ రచనలను గురించినది. 1917లో వెలువడిన ఆ పుస్తకం జర్మన్ భాషలోనే ఉన్నది. అయినప్పటికీ 1923లో వీలునామా రాసినప్పుడు తన సంపదను ఆయన మాతృభూమిలోని హంగేరియన్ రచయితలకే కేటాయించారు. 1927 జనవరి 18న ఆయన మరణించారు.

వీలునామా సారాంశం ఇది. గంభీరమైన ఆశయంతో రాసేవారు, మత, జాతి, సామాజిక దురభిమానాలకు లోను కానివారు, స్వలాభం కోసం రాజీపడనివారు, ఆ కారణం చేతనే ఇబ్బందులలో ఉన్నవారు అయిన హంగేరియన్ రచయితలకు ఈ సొమ్ము చెందాలి. ఇందులో రెండు అంశాలు గమనింపదగినవి. మొదటిది, ఇది కేవలం ప్రతిభకు ఇచ్చే బహుమతి కాదు, అవసరానికి ఇచ్చే ఆసరా కూడా. రెండవది, దురభిమానం లేకపోవడాన్ని ఆయన ఒక అర్హతగా పేర్కొన్నారు. జాతి విద్వేషం ఐరోపా అంతటా పెచ్చరిల్లుతున్న రోజులలో ఒక ఆస్తి పత్రంలో ఇటువంటి షరతు చేర్చడం సామాన్య విషయం కాదు.

ధర్మనిధి నిర్వహణకు ఇద్దరు ధర్మకర్తలు ఉండేవారు. ఒకరు కవి బాబిచ్ మిహాయ్, మరొకరు న్యాయవాది బాష్ లోరాంత్. సాహిత్య విచక్షణ ఒకరిది, ఆస్తి వ్యవహారాల దక్షత మరొకరిది. వీరికి తోడుగా సలహా మండలి ఒకటి ఉండేది. అసలు ఆస్తిని కదపకుండా దాని నుండి వచ్చే ఆదాయాన్ని మాత్రమే ప్రతి ఏటా పంచేవారు. దాత వర్ధంతి అయిన జనవరి 18 పురస్కారాల రోజుగా నిలిచింది. సొమ్మంతా ఒక్కరికే ఇవ్వకుండా కొందరికి పూర్తి వార్షిక పురస్కారం, మరికొందరికి చిన్న పారితోషికం, ఇంకొందరికి సహాయ ధనం ఇచ్చేవారు. ఒకే రచయితకు అవసరాన్ని బట్టి పలుమార్లు ఇవ్వడానికి కూడా అడ్డు లేదు.

బాబిచ్ 1883లో జన్మించారు. ఆయన ఉపాధ్యాయునిగా జీవితం ఆరంభించిన కవి. నేడు రుమేనియాలో ఉన్న ఫొగరష్ పట్టణంలో 1908 నుండి మూడేళ్ళు పాఠాలు చెప్పారు. డాంటే మహాకావ్యాన్ని సంపూర్ణంగా హంగేరియన్‌లోనికి అనువదించారు. 1919 నాటి రాజకీయ కల్లోలం తరువాత ఆయనకు ఉద్యోగ విరమణ వేతనం కూడా లేకుండా చేశారు. పాలకుల ఆగ్రహం ఒక రచయిత వంటింటి దాకా ఎలా వస్తుందో ఆయనకు స్వానుభవమే. వేసవులు గడిపేందుకు ఆయన ఎస్తెర్‌గోమ్ పట్టణంలో కొండ మీద చిన్న ఇల్లు కొనుక్కున్నారు. అక్కడ దాన్యూబ్ నది ఈవలి ఒడ్డు హంగేరీ, ఆవలి ఒడ్డు పరదేశం. ఆవలి ఒడ్డున ఉన్నవారిలో కూడా పెక్కుమంది మాట్లాడేది హంగేరియన్ భాషే.

సాయం ఎవరికి అందింది

ఆదుకొన్నవారిలో మొదట చెప్పదగిన పేరు యుహాస్ ద్యులా. సెగెద్ నగరానికి చెందిన ఈ కవి కూడా ఉపాధ్యాయుడే. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు ఆయన పనిచేసిన పట్టణాలలో మారమరోష్‌సిగెత్, నాద్‌వారద్ నేడు రుమేనియాలో ఉన్నాయి. లేవ, సకోల్త్స పట్టణాలు నేడు స్లొవేకియాలో ఉన్నాయి. ఆయన ఒకే రాజ్యంలో బదిలీలపై తిరిగిన ఊళ్ళు తన జీవితకాలంలోనే పరాయి దేశాలైపోయాయి. తీవ్రమైన మనోవ్యాధితో, పేదరికంతో కుంగిపోయిన యుహాస్‌కు 1929, 1930, 1931 సంవత్సరాలలో వరుసగా బౌమ్‌గార్టెన్ పురస్కారం లభించింది. జబ్బుపడిన మనిషికి ఒక్క ఏటి సాయం చాలదని ధర్మకర్తలు గ్రహించినట్లు ఆ వరుస తెలియజేస్తున్నది.

టమాషి ఆరోన్ కథ మరింత గమనింపదగినది. ఆయన 1897లో ట్రాన్సిల్వేనియాలోని ఫర్కష్‌లక అనే గ్రామంలో పేద రైతు కుటుంబంలో జన్మించారు. 1920 తరువాత ఆ గ్రామం రుమేనియాలో భాగమైంది. 1923లో ఆయన అమెరికాకు వెళ్ళి, మూడేళ్ళు అక్కడ ఉండి, తిరిగి వచ్చి కొలోజ్‌వార్ పట్టణంలో స్థిరపడ్డారు. ఆ పట్టణం నేటి క్లుజ్. అడవిలో ఒంటరిగా కాపలా పని చేసే ఆబెల్ అనే పిల్లవాని కథతో 1932లో ఆయన వెలువరించిన నవల నేటికీ హంగేరియన్ ఇళ్ళలో చదువుతారు. తన ఊరి జనం మాట్లాడే సేకెయ్ మాండలికపు సొగసును ఆయన సాహిత్యానికి ఎక్కించారు.

ఆయనకు 1930లోనూ 1933లోనూ బౌమ్‌గార్టెన్ పురస్కారం అందింది. ఆ రెండు సార్లూ ఆయన నివసించినది రుమేనియా రాజ్యంలో. పురస్కారం వచ్చినది బుడాపెస్ట్ నుండి. ఆయన ఏ దేశంలో ఉన్నారన్నది పురస్కారానికి అడ్డు కాలేదు, ఏ భాషలో రాస్తున్నారన్నదే లెక్కకు వచ్చింది. వీలునామా హంగేరియన్ రచయితలకు అని చెప్పింది. సరిహద్దు ఆవల రాసేవారిని ఆ మాట పరిధిలోనికి చేర్చినది దానిని అమలు చేసినవారి ఔదార్యం. సరిహద్దు ఆవల పుట్టిన పిల్లవాడు ఇంటి మాటలో కథ రాస్తే, అది మూలదేశపు సాహిత్యంలో ఒక మూలన పడి ఉండదని, దాని నడుమనే నిలబడగలదని టమాషి జీవితం రుజువు చేసింది.

మన దేశంతో సంబంధం గల పేరు కూడా ఈ జాబితాలో ఒకటి ఉన్నది. 1913లో పుట్టిన కవి వొరెష్ షాండోర్‌కు ఇరవైల తొలినాళ్ళలోనే, 1930ల మధ్యకాలంలో, ఈ నిధి నుండి సొమ్ము లభించింది. ఆ సొమ్ము ఆసరాతో ఆయన 1937లో తూర్పు దేశాల యాత్ర చేశారు. ఫిలిప్పీన్స్ రాజధాని మనీలాకు వెళ్ళారు, భారతదేశాన్ని కూడా చూశారు. తరువాతి కాలంలో ఆయన జయదేవుని గీతగోవిందాన్ని హంగేరియన్‌లోనికి అనువదించారు. ఒడిశా గుడులలోనూ తెలుగువారి భజన గోష్ఠులలోనూ వినిపించే అష్టపదులు దాన్యూబ్ తీరపు పాఠకులకు ఆయన చేతి మీదుగా అందాయి.

నిష్పక్షపాతంపై సందేహాలు

ఏ పురస్కారానికైనా తప్పని ఆరోపణలు దీనికీ తప్పలేదు. బాబిచ్ ఒకవైపు ధర్మకర్త, మరొకవైపు ‘న్యూగత్’ అనే పత్రికకు సంపాదకులు. ‘పడమర’ అని అర్థం గల ఆ పత్రిక 1908లో మొదలై ఆధునిక హంగేరియన్ సాహిత్యానికి కేంద్రంగా నిలిచింది. పత్రికలో రచనను ఎంపిక చేసే చేయి, పురస్కారానికి పేరును ఎంపిక చేసే చేయి ఒకటే కావడం వలన, ఆయనకు దగ్గరగా ఉన్నవారికే సొమ్ము వెళుతున్నదని దూరంగా ఉన్నవారు అన్నారు. ఆ ఫిర్యాదును పూర్తిగా తోసిపుచ్చలేము. ప్రభుత్వం చేతిలో లేనంత మాత్రాన పురస్కారానికి స్వేచ్ఛ సంపూర్ణంగా సిద్ధించదు. మనుషుల ఇష్టానిష్టాలు, పాత తగవులు లోపలికి వస్తూనే ఉంటాయి.

యోజెఫ్ అతిల ఉదంతం ఇక్కడే అర్థమవుతుంది. ఆయన 1905లో బుడాపెస్ట్‌లో పుట్టారు. తండ్రి సబ్బు కార్ఖానాలో పనివాడు, కుటుంబాన్ని వదిలి వెళ్ళిపోయాడు. తల్లి ఇతరుల బట్టలు ఉతికి పిల్లలను సాకింది, 1919లో మరణించింది. అతిల ఉపాధ్యాయుడు కావాలని సెగెద్ విశ్వవిద్యాలయంలో చేరారు. 1925లో ప్రచురించిన ఒక కవిత కారణంగా అక్కడి ఆచార్యుడు ఆయనను పిలిచి, ఇటువంటి కవిత రాసినవానికి పిల్లలను అప్పగించలేమని తెగేసి చెప్పారు. ఆ విధంగా ఆయన బడిపంతులు ఉద్యోగానికి దూరమయ్యారు. 1930లో ఆయన బాబిచ్ కవిత్వంపై కటువైన విమర్శ రాశారు. వయస్సులోనూ ప్రతిష్ఠలోనూ పెద్దవారైన కవి మనస్సు దానితో గాయపడింది. కొన్నేళ్ళ తరువాత అతిల పశ్చాత్తాపం వ్యక్తం చేశారు. నిధి నుండి చిన్న పారితోషికం లభించింది గాని, పూర్తి పురస్కారం మాత్రం ఆయన కన్నుమూసిన తరువాతనే వచ్చింది.

దీనికి ఒక్క బాబిచ్‌ను దోషిగా నిలబెట్టడం తగదు. అతిల మరణానికి మనోవ్యాధి, ఒంటరితనం, నిరాశ అనేకం కారణాలు. అయితే ఆకలితో ఉన్నవానికి చేసే సాయంలో కాలమే ప్రధానమని ఈ ఉదంతం గుర్తుచేస్తుంది. వీలునామా రాసిన దాత ఇబ్బందులలో ఉన్నవారిని ఆదుకొమ్మన్నారు, వారి స్మృతిని గౌరవించమని మాత్రమే చెప్పలేదు.

చట్టం ఒక మాట, వీలునామా ఒక మాట

1938లో హంగేరీ పార్లమెంటు యూదులపై ఆంక్షలు విధించే మొదటి చట్టాన్ని ఆమోదించింది. పత్రికారంగం, నాటకరంగం మొదలైన వృత్తి సంఘాలలో యూదుల సంఖ్య నూటికి 20కి మించరాదని అది శాసించింది. 1939లో వచ్చిన రెండవ చట్టం ఆ పరిమితిని 6కు తగ్గించింది. 1941లో మూడవ చట్టం వచ్చింది. జాతి దురభిమానం లేనివారే అర్హులని చెప్పిన వీలునామా ఒకవైపు, జాతిని బట్టి కలాన్ని కొలిచే చట్టం మరొకవైపు నిలిచాయి.

ఈ చట్టాల నీడలో నలిగిపోయినవారిలో పురస్కార గ్రహీతలు కూడా ఉన్నారు. సాహిత్య చరిత్రకారుడు, నవలాకారుడు సెర్బ్ అంతల్‌కు 1935లోనూ 1937లోనూ బౌమ్‌గార్టెన్ పురస్కారం అందింది. 1945 జనవరిలో బల్ఫ్ గ్రామంలోని నిర్బంధ శ్రమ శిబిరంలో ఆయనను కొట్టి చంపారు. కవి రద్నోతి మిక్లోష్ అధ్యాపక అర్హత పొంది కూడా యూదు కుటుంబంలో పుట్టిన కారణంగా బడిలో స్థానం పొందలేకపోయారు. 1937లో ఆయనకు బౌమ్‌గార్టెన్ నిధి నుండి పారితోషికం లభించింది. 1944లో నిర్బంధ శ్రమకు తీసుకుపోయి, నవంబరు మాసంలో అబ్ద గ్రామ సమీపాన కాల్చి చంపారు. 1946లో సామూహిక సమాధిని తవ్వినప్పుడు ఆయన కోటు జేబులో ఒక చిన్న నోటు పుస్తకం దొరికింది. అందులో ఆయన చివరి కవితలు ఉన్నాయి. దేశపు చట్టం పరాయివారిగా తోసివేసిన ఈ ఇద్దరినీ హంగేరియన్ భాష నేటికీ తన బిడ్డలుగానే చెప్పుకొంటున్నది.

బాబిచ్ ఈ ఘోరాలను చూడలేదు. గొంతులో వచ్చిన పుట్టకురుపుకు 1938లో శస్త్రచికిత్స జరిగింది. మాట పోయి, చిన్న చిన్న పుస్తకాలలో రాసి చూపుతూ ఆయన సంభాషించేవారు. 1941 ఆగస్టు 4న మరణించారు. ‘న్యూగత్’ ప్రచురణకు ఇచ్చిన అనుమతి ఆయన పేరున ఉన్నందున పత్రిక కూడా ఆయనతోనే ఆగిపోయింది. పురస్కారం మాత్రం వీలునామా ఆధారంగా నిలిచినది కనుక వ్యక్తి పోయినా కొనసాగింది. పత్రికకు, ధర్మనిధికి గల తేడా అదే.

ముగింపు ఎలా వచ్చింది

రెండవ ప్రపంచ యుద్ధంలో బుడాపెస్ట్ శిథిలమైంది. 1946 వేసవి నాటికి హంగేరీ నాణెమైన పెంగో విలువ ప్రపంచ చరిత్రలో ఎక్కడా లేనంతగా పతనమైంది. ఆగస్టు 1న ఫోరింత్ అనే కొత్త నాణెం ప్రవేశపెట్టినప్పుడు ఒక ఫోరింత్‌కు మారకంగా లెక్కగట్టిన పెంగోలు నాలుగు అంకె పక్కన 29 సున్నాలు. అటువంటి కాలంలో కూడా బౌమ్‌గార్టెన్ పురస్కారం తిరిగి లేచి, కొత్త తరాన్ని గుర్తించింది. 1947లో పిలిన్స్కీ యానోష్‌కు, 1948లో నెమెష్ నాద్ ఆగ్నెష్‌కు అది లభించింది. ఇద్దరూ ఇరవైలలో ఉన్న కవులు. ఇద్దరి మొదటి సంపుటాలూ 1946లోనే వెలువడ్డాయి.

1949 తరువాత ఈ పురస్కారం లేదు. ఏకపక్ష కమ్యూనిస్టు ప్రభుత్వం ఆ సంవత్సరంలో ధర్మనిధి అనే చట్టబద్ధమైన రూపాన్నే రద్దు చేసింది. ప్రైవేటు వ్యక్తి ఇచ్చిన ఆస్తితో స్వతంత్రంగా ఒక ప్రజోపయోగ కార్యాన్ని నడిపే మార్గం మూసుకుపోయింది. దాని స్థానంలో ప్రభుత్వ పురస్కారాలు వచ్చాయి. 1948లో కొషూత్ పురస్కారం, 1950లో సాహిత్యానికి ప్రత్యేకంగా మరొక పురస్కారం ఏర్పడ్డాయి. ఆ రెండవ దానికి పెట్టిన పేరు యోజెఫ్ అతిల. పూట గడవక మరణించిన కవి పేరుతో రాజ్యం రచయితలకు సొమ్ము పంచసాగింది.

అదే సమయంలో బౌమ్‌గార్టెన్ ధర్మకర్తలు గుర్తించిన యువ కవులకు ఏమి జరిగిందో పరిశీలిస్తే ఎవరు ఎంపిక చేస్తారన్న ప్రశ్న విలువ తెలుస్తుంది. నెమెష్ నాద్ ఆగ్నెష్ తదుపరి కవితా సంపుటం 1957లో గాని వెలుగు చూడలేదు. పిలిన్స్కీ రెండవ సంపుటానికి 1959 దాకా ఆగవలసి వచ్చింది. వొరెష్ షాండోర్ కూడా 1950ల తొలి సంవత్సరాలలో పిల్లల పాటలతో, అనువాదాలతో కాలం గడపవలసి వచ్చింది. నేడు ఈ ముగ్గురూ ఇరవయ్యవ శతాబ్దపు హంగేరియన్ కవిత్వంలో అగ్రశ్రేణిలో ఉన్నారు. పాలకులు పక్కన పెట్టినవారిని అంతకు ముందే ఒక ప్రైవేటు నిధి సరిగా గుర్తించగలిగింది.

ఆ తరువాతి ప్రయత్నాలు

1984లో, హంగేరీలో పుట్టి అమెరికాలో ధనవంతుడైన జార్జి సోరోస్ ఆ దేశపు విజ్ఞాన అకాడమీతో ఒప్పందం చేసుకొని ఒక నిధిని నెలకొల్పారు. 1987లో ధర్మనిధి అనే చట్టబద్ధ రూపాన్ని తిరిగి అనుమతించారు. 2006లో ఏగాన్ అనే బీమా సంస్థ ఒక సాహిత్య పురస్కారాన్ని ఆరంభించింది. తొలి ఏడు అది ష్పిరో ద్యోర్ద్ రాసిన ‘ఫొగ్‌షాగ్’ నవలకు దక్కింది. ప్రాచీన రోమ్ కాలపు ఒక యూదు యువకుని యాత్రను చెప్పే పెద్ద నవల అది. 2016 నుండి లిబ్రి అనే పుస్తక వ్యాపార సంస్థ పేరుతో మరొక పురస్కారం వచ్చింది.

వ్యాపార సంస్థల పురస్కారాలలో మేలు ఉన్నది, చిక్కు కూడా ఉన్నది. సంస్థ చేతులు మారితే పురస్కారపు భవితవ్యం కూడా మారవచ్చు. 2023లో లిబ్రి సంస్థ యాజమాన్యం మాత్యాష్ కొర్వినుష్ కొలేగియం అనే విద్యాసంస్థకు వెళ్ళింది. ఆ విద్యాసంస్థకు 2020లో ఆనాటి ప్రభుత్వం పెద్ద కంపెనీలలోని తన వాటాలను అప్పగించి ఉన్నది. ప్రైవేటు దుకాణం వెనుక పరోక్షంగా పాలకుల ధనం చేరితే స్వాతంత్ర్యం మాటేమిటని రచయితలు, ప్రచురణకర్తలు ప్రశ్నించారు. బౌమ్‌గార్టెన్ కాలంలో వచ్చిన ప్రశ్నే నూరేళ్ళకు మరొక రూపంలో తిరిగి వచ్చింది.

గ్రహించవలసినది

ఒక సాహిత్య పురస్కారం స్వతంత్రమైనదా కాదా అని నిర్ణయించడానికి ఈ చరిత్ర నాలుగు ప్రశ్నలు నేర్పుతుంది. సొమ్ము ఎక్కడ నుండి వస్తున్నది? ఎంపిక ఎవరి చేతిలో ఉన్నది? భాషలో రాసేవారందరికీ ద్వారం తెరిచి ఉన్నదా, లేక ఒక ప్రాంతం వారికో ఒక వర్గం వారికో మాత్రమేనా? ఇచ్చేవారు మారినా, పోయినా అది నిలబడే ఏర్పాటు ఉన్నదా? బౌమ్‌గార్టెన్ పురస్కారం మొదటి ప్రశ్నకు చక్కగా, రెండవ దానికి కొంత తడబాటుతో, మూడవ దానికి ఎంతో ఉదారంగా సమాధానం ఇచ్చింది. నాలుగవ దానికి వీలునామా సిద్ధంగానే ఉన్నా, రాజ్యం దానిని సాగనివ్వలేదు.

ఇరవై ఏళ్ళలో అది పెద్ద భవనాలు కట్టలేదు, విగ్రహాలు నిలపలేదు. జబ్బుపడిన ఒక పంతులుకు మూడేళ్ళు అన్నం పెట్టింది. పరదేశంలో చిక్కుకొన్న ఒక రైతుబిడ్డకు నీ మాట మన మాటేనని చెప్పింది. ఒక యువకవిని మన దేశం దాకా పంపింది. అవసరమైన వేళకు ఒకరిని అందుకోలేకపోయింది కూడా. గీత ఏ వైపున ఇల్లు ఉన్నా, ఆ ఇంటిలో పిల్లలు తమ భాషలో చదివి రాసినంత కాలం ఆ ఇల్లు ఆ భాషకు చెందినదే. ఆ భాషలో రాసేవారికి తన యావదాస్తిని రాసి ఇచ్చిన మనిషి బౌమ్‌గార్టెన్.